తమ్ముడి వీసాకు పంతొమ్మిదేళ్లు

అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా 'వీసా బులెటిన్' పేరుతో ఒక ప్రకటన విడుదల చేస్తుంది. అందులో ఎక్కువ భాగం తేదీల పట్టికలే. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న కొన్ని ఇళ్లలో ఆ పట్టికను పంచాంగం కన్నా శ్రద్ధగా చూస్తారు. అమెరికా పౌరుల తోబుట్టువులకు ఉద్దేశించిన 'ఎఫ్4' అనే వరుసలో ఇండియా గడి దగ్గర ఏ తేదీ ఉందో వెతుకుతారు. "ఈ నెల మూడు వారాలు జరిగింది" అనో, "అక్కడే ఆగిపోయింది" అనో అన్నదమ్ములు ఫోన్లో చెప్పుకుంటారు. 2025 పొడవునా ఆ గడిలో కనిపించినవి 2006 నాటి తేదీలే.

అంటే అమెరికా పౌరసత్వం వచ్చిన అన్న 2006లో తమ్ముడి కోసం పిటిషన్ వేస్తే, ఆ తమ్ముడి వంతు రావడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. అప్పుడు ముప్పైలలో ఉన్నవాడు ఇప్పుడు యాభైలకు చేరాడు. అప్పుడు చంకలో ఉన్న బిడ్డ ఇప్పుడు డిగ్రీ విద్యార్థి. అప్పుడు బడికి వెళ్తున్న బిడ్డకు ఆ వీసాలో చోటే లేకుండా పోయి ఉండవచ్చు. కుటుంబాన్ని కలపడానికి చేసిన చట్టమే ఇలా కుటుంబాన్ని రెండుగా చీలుస్తోంది. ఈ అన్యాయం గురించి మాట్లాడాల్సినవాళ్లలో తెలుగువాళ్లు ముందుండాలి.

ఎందుకంటే ఈ వరుసలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. అమెరికాలో 2010 నుంచి 2017 వరకు అత్యంత వేగంగా పెరిగిన భాష తెలుగేనని ఆ దేశ జనగణన శాఖ సమాచారం ఆధారంగా చేసిన విశ్లేషణ చెప్పింది. ఆ ఏడేళ్లలో ఇళ్లలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగింది. చదువు కోసం, ఉద్యోగం కోసం వెళ్లినవాళ్లు అక్కడ స్థిరపడి, పౌరులయ్యాక, తోడబుట్టినవాళ్లను తమ దగ్గరకు పిలిపించుకోవాలనుకుంటారు. అది సహజం. తనను చదివించడానికి అన్న పొలం అమ్మాడనో, తన ఫీజుల కోసం తమ్ముడు తన చదువు మానుకున్నాడనో చెప్పే తెలుగు కుటుంబాలు తక్కువేమీ కావు. పిటిషన్ వేయడం చాలామందికి ఆ రుణం తీర్చుకోవడమే.

ఈ హక్కు ఊరికే రాలేదు. 1917లో అమెరికా చేసిన చట్టం భారతదేశంతో సహా ఆసియాలోని చాలా ప్రాంతాల నుంచి వలసలను నిషేధించింది. భగత్‌సింగ్ థింద్ కేసులో 1923లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసిన పంజాబీ రైతులు స్వదేశం నుంచి భార్యలను తెచ్చుకోలేక, అనేకులు మెక్సికన్ స్త్రీలను పెళ్లాడి అక్కడే స్థిరపడ్డారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరింది కూడా దాదాపు ఆ తీర్పు కాలంలోనే. వైద్యశాస్త్రానికి ఎంతో ఇచ్చిన ఆ మనిషి, స్వదేశంలో వదిలి వెళ్లిన భార్య శేషగిరిని మళ్లీ చూడకుండానే 1948లో కన్నుమూశారు. ఆ ఎడబాటుకు చట్టమొక్కటే కారణమని చెప్పలేం. కానీ భార్యను పిలిపించుకుని కాపురం పెట్టడానికి ఒక భారతీయుడికి దారి దాదాపుగా మూసి ఉన్న కాలమది. 1946లో వచ్చిన లూస్-సెల్లర్ చట్టం పౌరసత్వానికి దారి తెరిచినా, భారతదేశం మొత్తానికి ఏడాదికి 100 మందికే అవకాశమిచ్చింది.

అసలు మార్పు 1965లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర కొత్త వలస చట్టంపై సంతకం చేశారు. పుట్టిన దేశాన్ని బట్టి ఎక్కువ తక్కువ కోటాలు పెట్టే పద్ధతి పోయింది. దాని స్థానంలో కుటుంబ బంధానికి పెద్దపీట వేశారు. పౌరుల తోబుట్టువులకే ప్రాధాన్య వీసాల్లో 24 శాతం కేటాయించారు. దీనికి పట్టుబట్టిన ఒహాయో ప్రతినిధి మైకేల్ ఫీగన్ లెక్క వేరు. అమెరికాలో అప్పటికే ఉన్నవాళ్లలో అత్యధికులు ఐరోపా మూలాలవాళ్లు కాబట్టి, బంధుత్వాన్ని ప్రాతిపదిక చేస్తే వచ్చేవాళ్లూ వాళ్లే అవుతారని ఆయన అనుకున్నారు. జరిగింది మరొకటి. కొలువుల కోసం వెళ్లిన భారతీయ వైద్యులు, ఇంజనీర్లు పౌరులయ్యారు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు పిటిషన్లు వేశారు. ఆ దారిని ఎవరి కోసం వేసినా, నడిచింది ఆసియా కుటుంబాలు.

దారి తెరిచే ఉంది. కానీ ఇరుకైపోయింది.

ఇప్పుడు నడుస్తున్న లెక్కలు 1990 నాటి చట్టానివి. పౌరుల భార్య లేదా భర్త, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు, తల్లిదండ్రులు, వీళ్లకు సంఖ్యా పరిమితి లేదు. మిగిలిన బంధువులంతా కోటాల్లో నిలబడాలి. పౌరుల తోబుట్టువులకు ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65 వేల వీసాలు. పైగా ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి. ఆ 65 వేలు కూడా 65 వేల మంది తోబుట్టువులకు కాదు. తమ్ముడితో పాటు వచ్చే భార్యనూ పిల్లలనూ అందులోనే లెక్కిస్తారు. నలుగురున్న కుటుంబం వస్తే నాలుగు వీసాలు ఖర్చయినట్టే. ఈ ఒక్క తరగతిలోనే 20 లక్షల మందికి పైగా ఎదురుచూస్తున్నట్టు విదేశాంగ శాఖ లెక్కలే చెబుతున్నాయి. 20 లక్షలను 65 వేలతో భాగిస్తే ముప్పై ఏళ్లు దాటుతుంది. 1990 తర్వాత అమెరికా జనాభా పెరిగింది, ఆర్థిక వ్యవస్థ ఎన్నో రెట్లు పెరిగింది, ఈ అంకె మాత్రం అక్కడే ఉంది.

అన్నిటికన్నా బాధ కలిగించేది పిల్లల విషయం. వలస చట్టం దృష్టిలో 'బిడ్డ' అంటే 21 ఏళ్లు నిండని, పెళ్లికాని సంతానం. వంతు వచ్చేసరికి ఆ వయసు దాటితే తల్లిదండ్రుల వెంట వెళ్లే హక్కు పోతుంది. దీన్నే 'ఏజ్ అవుట్' అంటారు. ఈ దెబ్బ కొంత తగ్గించడానికి 2002 ఆగస్టులో బిడ్డల హోదా రక్షణ చట్టం తెచ్చారు. దాని ప్రకారం వీసా అందుబాటులోకి వచ్చిన రోజున బిడ్డకున్న వయసు నుంచి, పిటిషన్ ఆమోదం పొందడానికి అధికారుల దగ్గర పట్టిన కాలాన్ని తీసేస్తారు. వినడానికి బాగుంది. ఆచరణలో ఏం జరుగుతుందో ఒక లెక్క వేసి చూడవచ్చు.

2006లో పిటిషన్ పడింది, 2025లో వంతు వచ్చింది అనుకుందాం. పిటిషన్ వేసిన నాడు కొడుకుకు 8 ఏళ్లు, కూతురికి 4 ఏళ్లు. ఆమోదానికి నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు కొడుకు వయసు 27. నాలుగు తీసేస్తే 23. అతడు బయటే. కూతురి వయసు 23. నాలుగు తీసేస్తే 19. ఆమె లోపల. అమ్మానాన్నలూ చెల్లెలూ విమానమెక్కుతారు, అన్న ఇక్కడ ఉండిపోతాడు. ఇంకో చిత్రం ఉంది. అదే పిటిషన్‌ను అధికారి చురుగ్గా పనిచేసి ఏడాదిలోనే ఆమోదించి ఉంటే, కూతురి వయసులో ఒక్క ఏడాదే తగ్గుతుంది. 22 కాబట్టి ఆమె కూడా బయటికే. ఫైలు బల్ల మీద ఎంత ఎక్కువ కాలం పడుకుంటే బిడ్డకు అంత మేలు, తొందరగా కదిలితే అంత కీడు. ఆమోదం వచ్చాక వరుసలో నిలబడిన పదిహేను, పదహారేళ్లకు మాత్రం విలువ లేదు. ఆలస్యంలో అత్యధిక భాగం అదే, చట్టం వదిలేసిన భాగమూ అదే.

ఈ విషయం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. క్వెల్లార్ డి ఒసోరియో కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో ఒక తల్లి కోసం ఆమె అమ్మ 1998లో పిటిషన్ వేసింది. అప్పుడు మనవడికి 13 ఏళ్లు. 2005లో వంతు వచ్చింది, అప్పటికి కొద్ది నెలల ముందే అతడికి 21 నిండాయి. అదే కేసులో మరో కుటుంబానికి 1981లో తోబుట్టువు పిటిషన్ పడింది. అప్పుడు రెండేళ్ల పాప. పిలుపు వచ్చేనాటికి ఆమెకు 23. కనీసం మొదటి పిటిషన్ పడిన పాత తేదీనైనా ఈ పిల్లలకు నిలబెట్టాలని కుటుంబాలు కోరాయి. 2014 జూన్‌లో కోర్టు 5-4 తేడాతో కాదంది. చట్టంలోని మాటలు స్పష్టంగా లేనప్పుడు ప్రభుత్వ విభాగం ఇచ్చిన అర్థాన్నే అంగీకరించాలని న్యాయమూర్తి ఎలీనా కేగన్ రాసిన ప్రధాన అభిప్రాయం చెప్పింది. ఇలాంటి బిడ్డ కోసం తల్లిదండ్రులు అమెరికా చేరాక మళ్లీ కొత్తగా పిటిషన్ వేసి, మరో వరుసలో చివర నిలబడాలి. ఆ వరుసలో ఉన్నంత కాలం అతడు పెళ్లి చేసుకోకూడదు. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవాళ్ల పెళ్లయిన పిల్లలకు ఆ చట్టంలో తరగతే లేదు. పెళ్లి జరిగితే పిటిషన్ రద్దవుతుంది.

తెలుగు ఇళ్లలో ఈ నిబంధనకు చెల్లించే మూల్యం ఏ పట్టికలోనూ కనబడదు. పెళ్లీడుకొచ్చిన అమ్మాయికి మంచి సంబంధం వస్తే "డేట్ దగ్గరికొచ్చింది, ఒక్క ఏడాది ఆగుదాం" అంటారు. ఆ ఏడాది మూడేళ్లవుతుంది. కొడుకును ఇక్కడ ఇల్లు కట్టుకోనివ్వరు, ఊళ్లో పొలం అమ్మకానికి పెట్టి ఆపేస్తారు, వ్యాపారం విస్తరించరు. పిటిషన్ పడిందన్న సంగతి పర్యాటక వీసాకూ అడ్డమే. వీసా దరఖాస్తులోనే "మీ కోసం ఎవరైనా వలస పిటిషన్ వేశారా" అన్న ప్రశ్న ఉంటుంది. అవునని నిజం రాసినవాళ్లు తిరిగి వస్తారన్న నమ్మకం కాన్సులర్ అధికారికి కలగకపోతే వీసా రాదు. అన్న కూతురి పెళ్లికి వెళ్లలేని బాబాయిలు ఈ వరుసలోనే ఉన్నారు.

పంతొమ్మిదేళ్లలో అన్న కూడా పెద్దవాడవుతాడు. పిటిషన్ వేసిన మనిషే, వంతు వచ్చాక ఆర్థిక పూచీ పత్రంపై సంతకం చేయాలి. తన కుటుంబాన్ని, వచ్చేవాళ్లను కలిపి లెక్కగట్టి, దారిద్ర్యరేఖకు 125 శాతం ఆదాయం చూపించాలి. అప్పటికి ఉద్యోగ విరమణ చేసి, ఆ ఆదాయం చూపలేకపోతే మరో పూచీదారును వెతుక్కోవాలి. ఆ సంతకం మొహమాటానికి పెట్టేది కాదు. వచ్చినవాళ్లు పౌరులయ్యే వరకో, దాదాపు పదేళ్ల పనికి సమానమైన 40 త్రైమాసికాలు పూర్తిచేసే వరకో అది కోర్టులో అమలు చేయదగిన ఒప్పందం. ఈలోగా అన్న చనిపోతే ఇండియాలో ఉన్న తమ్ముడి పిటిషన్ రద్దవుతుంది. మానవతా కారణాలతో పునరుద్ధరించమని ప్రాధేయపడటమొక్కటే దారి. అది అధికారి విచక్షణకే వదిలేసిన దారి.

తల్లిదండ్రుల విషయంలో పరిమితి లేదు కదా అనిపించవచ్చు. నిజమే, పౌరుడైన కొడుకో కూతురో పిలిస్తే కోటా అడ్డు రాదు. కానీ పౌరుడయ్యేదెప్పుడు? ఉద్యోగాల ద్వారా గ్రీన్ కార్డు కోరే భారతీయులకు ఈబీ2 తరగతిలో 2025లో ఎక్కువ నెలలు నడిచినవి 2013 నాటి తేదీలు. ఆ ఏడాది వరుసలో చేరిన ఇంజనీరుకు ఇప్పుడు కార్డు వస్తే, పౌరసత్వానికి మామూలుగా మరో ఐదేళ్లు. అప్పటిదాకా అమ్మానాన్నలు పర్యాటక వీసా మీదే వస్తారు. కూతురి పురుడు పోయడానికి ఆరు నెలలు అమ్మ, తర్వాత ఆరు నెలలు వియ్యపురాలు. మనవడిని ఎత్తుకుని తిప్పే ఓపిక ఉన్నప్పుడు హక్కు ఉండదు, హక్కు వచ్చేసరికి ఓపిక ఉండదు.

బంధువులను పిలిపించుకోవడాన్ని గొలుసు వలస అంటూ తప్పుపట్టే వాదన అమెరికాలో బలంగానే ఉంది. ఒకడొస్తే ఊరంతా వస్తుందని దాని సారాంశం. లెక్క చూస్తే ఆ భయం నిలవదు. తమ్ముడు రావడానికి పంతొమ్మిదేళ్లు. అతడి భార్య పౌరురాలవడానికి ఐదేళ్లు. ఆమె తన చెల్లెలిని పిలిపించుకోవడానికి, వరుస ఇంతకన్నా పెరగకపోతే, మరో పంతొమ్మిదేళ్లు. మొత్తం 43 ఏళ్లు. రెండో కొక్కెం దగ్గరే రెండు తరాలు గడిచిపోయే గొలుసు ఇది. ప్రభుత్వ సాయం మీద పడి బతుకుతారన్న ఆరోపణకూ బలం లేదు. 1996 నాటి చట్టాల తర్వాత కొత్తగా వచ్చినవాళ్లకు చాలా సంక్షేమ పథకాలు మొదటి ఐదేళ్లు అందవు. పూచీ పడ్డ అన్న బాధ్యత సరేసరి. బంధువుల తోడు కోరుకోవడం ఏ ఒక్క దేశంవాళ్లకో పరిమితమైన అలవాటు కాదు. స్లొవేనియాలో పుట్టిన మెలానియా ట్రంప్ పూచీతోనే ఆమె తల్లిదండ్రులు గ్రీన్ కార్డు పొంది, 2018 ఆగస్టులో పౌరులయ్యారు. ఏ కూతురైనా కోరుకునేది అదే.

అయినా ఈ తరగతిని రద్దు చేయాలన్న ప్రతిపాదనలు ఆగలేదు. 2013లో సెనేట్ 68-32 ఓట్లతో ఆమోదించిన సమగ్ర సంస్కరణ బిల్లు తోబుట్టువుల వీసాను ఎత్తేయాలనే అంది. ఆ బిల్లు ప్రతినిధుల సభలో ముందుకు సాగలేదు. 2017లో సెనేటర్లు టామ్ కాటన్, డేవిడ్ పెర్డ్యూ తెచ్చిన బిల్లూ అదే కోరింది. కెనడా, బ్రిటన్‌లలో మామూలుగా తోబుట్టువును పిలిపించుకునే దారే లేదు కదా అని రద్దును సమర్థించేవాళ్లు అంటారు. కొత్తవాళ్లకు తలుపు తెరవాలా వద్దా అన్నది ఆ దేశం నిర్ణయించుకోవచ్చు. కానీ రుసుము తీసుకుని, రశీదు ఇచ్చి, ఆమోదించి, పంతొమ్మిదేళ్లు నిలబెట్టిన మనిషిని మధ్యలో వెళ్లిపొమ్మనడం ఏ దేశానికీ తగదు.

ఇతర దేశాల్లో అడ్డుగోడ డబ్బు రూపంలో ఉంది. బ్రిటన్‌లో భార్యనో భర్తనో తెచ్చుకోవడానికి 2012లో 18,600 పౌండ్ల వార్షికాదాయం పెట్టారు. 2024 ఏప్రిల్‌లో దాన్ని 29,000కు పెంచారు. ఆస్ట్రేలియాలో తల్లిదండ్రులకు కొంత తొందరగా వీసా కావాలంటే ఒక్కొక్కరికి 40 వేల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా కట్టాలి. కట్టలేకపోతే దశాబ్దాల నిరీక్షణ. కెనడా 2019లో తల్లిదండ్రుల కోసం ఆన్‌లైన్ దరఖాస్తులు తెరిస్తే పావుగంట తిరగకముందే మూసుకుపోయాయి. వేగంగా టైపు చేయగలిగినవాళ్ల అమ్మానాన్నలకే అవకాశమా అని ఆ దేశంలోనే ఆగ్రహం రేగింది.

గల్ఫ్ సంగతి మరీ కష్టం. అక్కడ వలస కుటుంబాలకు పౌరసత్వం మాట సాధారణంగా ఉండదు, ఉద్యోగం ఉన్నంతకాలం భార్యాపిల్లలను తోడుంచుకోవడమే పెద్ద కోరిక. యూఏఈలో అందుకు నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. కువైట్ 2024లో ఆ గీతను 800 దినార్లకు పెంచింది. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లిన మహిళలకు, జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి కూలిపనికి వెళ్లినవాళ్లకు ఆ జీతాలు అందనంత దూరం. సౌదీ 2017 జూలై నుంచి ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాళ్ల రుసుము మొదలుపెట్టి, ఏటా వంద పెంచుతూ 2020కి 400 చేసింది. భార్య, ఇద్దరు పిల్లలుంటే నెలకు 1,200 రియాళ్లు. భరించలేక హైదరాబాద్ కుటుంబాలెన్నో తల్లీపిల్లలను వెనక్కి పంపాయి. బిడ్డలు ఎదగడం తండ్రులు మళ్లీ ఫోన్లో చూసుకోవాల్సి వచ్చింది.

ఇన్ని అడ్డంకుల మధ్య అమెరికా తోబుట్టువుల వరుస ఒక విషయంలో ప్రత్యేకం. అక్కడ హక్కు కాగితం మీద ఉంది, దాన్ని నిజం చేయడానికి రెండు సవరణలు చాలు. మొదటిది, బిడ్డ వయసును పిటిషన్ వేసిన రోజు దగ్గరే నిలిపేయాలి. పౌరుల మైనరు పిల్లల విషయంలో బిడ్డల హోదా రక్షణ చట్టమే ఇప్పటికీ ఈ పద్ధతి పాటిస్తోంది కాబట్టి ఇది వింత కోరిక కాదు. రెండోది, 65 వేల లెక్కలో తోబుట్టువును మాత్రమే గణించాలి, భార్యాపిల్లలను కోటా నుంచి తప్పించాలి. అలా చేస్తే వరుస వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. కుటుంబ వీసాల నిరీక్షణ తగ్గించాలంటూ కాలిఫోర్నియా ప్రతినిధి జూడీ చూ బిల్లు పలుమార్లు ప్రతినిధుల సభ ముందుకొచ్చింది, ఇంతవరకు చట్టం కాలేదు. ఈ మార్పులు వచ్చే దాకా కనీసం ఒక్క పని చేయవచ్చు. పిటిషన్ రశీదు మీదే, ఈ తరగతిలో, ఈ దేశానికి ప్రస్తుతం ఎన్నేళ్లు పడుతోందో ముద్రించాలి. నిజం ముందే తెలిస్తే చాలా ఇళ్లు తమ బతుకును తేదీకి కట్టేసుకోవు.

అమెరికాలో ఓటు హక్కున్న తెలుగువాళ్లు ఈ మాట తమ ప్రతినిధులను అడగాలి. ఏటా మహాసభలు పెట్టి వేలమందిని ఒకచోట చేర్చే శక్తి తెలుగు సంఘాలకు ఉంది. ఆ సభల్లోనే ఒక పూట ఈ పిటిషన్ల మీద చర్చ పెట్టి, వేదిక మీదికి పిలిచిన సెనేటర్ల చేతికి ఆ రెండు సవరణల కాగితం ఇవ్వాలి. పిటిషన్ వేసే అన్నలు, అక్కలు ఇక్కడి తోబుట్టువులకు "వేశాను, వస్తుందిలే" అని సరిపెట్టకుండా ఎన్నేళ్లు పడుతుందో, పిల్లల్లో ఎవరు మిగిలిపోవచ్చో ఆ రోజే చెప్పాలి. ఇక్కడున్నవాళ్లారా, మీరు పిటిషన్‌ను పెట్టెలో భద్రంగా ఉంచుకోండి, చిరునామా మారితే తెలియజేయండి. కానీ దానికోసం అమ్మాయి పెళ్లి ఆపకండి, అబ్బాయి చదువు వాయిదా వేయకండి.